పారిపోయి వచ్చిన పిల్లలు, చోటిచ్చిన ఊళ్లు

(చీడికాడలో జరిగిన మహిళా కార్యకర్తల శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)

చోడవరం, మాడుగుల, దేవరాపల్లి వైపు నుంచి పనులు మానుకుని వచ్చిన అక్కాచెల్లెళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఉపోద్ఘాతం లేకుండా విషయంలోకి వస్తాను.

నిర్వాహకులు నాకిచ్చిన అంశం "అత్యవసర పరిస్థితుల్లో శరణార్థి పిల్లల రక్షణ, చదువు". శరణార్థి అనగానే మనకు పాలస్తీనా, సూడాన్, కాక్స్ బజార్ గుడారాలు గుర్తొస్తాయి. నేను మాత్రం ఇక్కడికి ఒక్క రోజు ప్రయాణంలో ఉన్న చింతూరు, భద్రాచలం, ఏటూరునాగారం అడవుల గురించి మాట్లాడతాను. దాదాపు ఇరవై ఏళ్లుగా అక్కడ ఛత్తీస్‌గఢ్ నుంచి పారిపోయి వచ్చిన ఆదివాసీ కుటుంబాలు ఉంటున్నాయి. మన పత్రికలు వాళ్లను గొత్తికోయలు అంటాయి. అది మనం పెట్టిన పేరు. వాళ్లు తమను మురియాలమనీ, దోర్లలమనీ, కోయితుర్‌లమనీ చెప్పుకుంటారు.

2005 జూన్‌లో అప్పటి దంతెవాడ జిల్లాలో సల్వా జుడుం మొదలైంది. మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రజలే లేచారని ప్రభుత్వం చెప్పింది. జరిగింది ఏమిటంటే, ఊళ్లు తగలబడ్డాయి, ధాన్యం తగలబడింది, ఆడవాళ్ల మీద అత్యాచారాలు జరిగాయి. ఆరువందలకు పైగా గ్రామాలు ఖాళీ అయ్యాయని నాటి లెక్కలు. రోడ్డు పక్క శిబిరాల్లోకి రమ్మని ఒక పక్షం, వెళితే ద్రోహులంటామని మరో పక్షం. ఈ రెండూ వద్దనుకున్నవాళ్లు శబరి నది దాటి అప్పటి ఖమ్మం జిల్లాలోకి వచ్చారు. అలా వచ్చినవాళ్లు 30 నుంచి 50 వేల మంది ఉంటారని స్వచ్ఛంద సంస్థలు అప్పట్లో అంచనా వేశాయి. అంచనా అనే అనాలి, ఎందుకంటే వాళ్లను లెక్కపెట్టడం తమ పని అని ఏ ప్రభుత్వమూ చాలాకాలం అనుకోలేదు.

వీళ్లను ఏమని పిలవాలి? అంతర్జాతీయ చట్టం ప్రకారం దేశ సరిహద్దు దాటితేనే శరణార్థి. వీళ్లు దాటింది రాష్ట్ర సరిహద్దు, కాబట్టి అంతర్గత నిర్వాసితులు. ఐక్యరాజ్య సమితి 1998లో అంతర్గత నిర్వాసితుల కోసం మార్గదర్శక సూత్రాలు రూపొందించింది. అందులో 23వ సూత్రం చదువు గురించి. నిర్వాసిత పిల్లలకు ప్రాథమిక స్థాయిలో ఉచిత నిర్బంధ విద్య అందించాలనీ, స్త్రీలూ బాలికలూ పూర్తిగా, సమానంగా పాల్గొనేందుకు ప్రత్యేక ప్రయత్నం చేయాలనీ ఉంది. మన దేశంలో అది చట్టం కాదు. అటు శరణార్థుల గురించీ మనకు చట్టం లేదు, 1951 శరణార్థుల ఒప్పందం మీద భారతదేశం సంతకమూ చేయలేదు. తెలుగులో మనకు పాత మాట ఒకటుంది, కాందిశీకులు. సంస్కృతంలో దాని మూలార్థం "ఏ దిక్కుకు పోవాలి" అని అడిగేవాడు. నాకు ఈ చట్టాల పేర్లన్నిటి కంటే ఆ మాటే సరిగ్గా సరిపోయినట్టు అనిపిస్తుంది.

ఈ మాట మన జిల్లాకు కొత్తది కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేసినప్పుడు జనం పట్నం వదిలి లోపలి ఊళ్లకు పరుగెత్తారు. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్నే గుంటూరుకు తరలించారు. అదే ఏడు రంగూన్ నుంచి మన తెలుగు కూలీల కుటుంబాలు కాలినడకన అడవులు దాటి వచ్చాయి, చాలామంది దారిలోనే పోయారు. 1960లలో బర్మాలో దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశాక మరో పెద్ద గుంపు ఓడల్లో వచ్చింది. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అనే పేరు ఇప్పటికీ నిలిచి ఉంది. వాళ్లకు ప్రభుత్వం కాందిశీకులన్న గుర్తింపు ఇచ్చింది, చోటు చూపింది. బర్మా, శ్రీలంకల నుంచి తిరిగొచ్చిన వాళ్లకు అప్పులివ్వడం కోసం 1969లో ప్రత్యేకంగా ఒక సహకార బ్యాంకు పెట్టారు, రెప్కో బ్యాంకు అంటారు. అంటే రాజ్యం తలచుకుంటే చేయగలదు. తలచుకోవడానికి వచ్చినవాళ్లు "మనవాళ్లు" అయి ఉండాలన్నమాట. శబరి దాటి వచ్చిన కోయపిల్ల ఎవరి మనిషి?

ఈ ప్రశ్నకు కాగితాల్లో దొరికే జవాబు విచిత్రంగా ఉంటుంది. మన రాష్ట్రపు షెడ్యూల్డ్ తెగల జాబితాలో కోయల ఉపశాఖలు చాలా రాశారు. అందులో గుట్ట కోయ అనే పేరు కూడా ఉంది. అయినా ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కోయకు ఇక్కడ తెగ ధ్రువపత్రం రాదు. రాజ్యాంగం 342వ అధికరణం కింద ఏ తెగ ఏ రాష్ట్రంలో షెడ్యూల్డ్ తెగో రాష్ట్రాలవారీగా ప్రకటిస్తారు. ఒక రాష్ట్రంలో ఆ హోదా ఉన్న మనిషి మరో రాష్ట్రానికి పోతే అది వెంట రాదని 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం మర్రి చంద్రశేఖరరావు కేసులో తేల్చింది. ఆయన తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల చిన్నప్పుడే బొంబాయి వెళ్లిన తెలుగు కుర్రవాడు. మెడికల్ సీటు అడిగితే ఇక్కడి తెగ హోదా అక్కడ చెల్లదన్నారు. తండ్రి బదిలీ మీద వెళ్లిన కుటుంబానికి ఆ తీర్పు సబబా కాదా అన్నది వేరే చర్చ. ఇల్లు కాలిపోయి, ప్రాణం దక్కించుకోవడానికి నది దాటిన కుటుంబానికి అదే సూత్రం వర్తింపజేయడం మాత్రం నాకు న్యాయంగా కనిపించదు. ఆ ధ్రువపత్రం లేకపోతే గిరిజన సంక్షేమ వసతిగృహంలో సీటు, ఉపకారవేతనం, అటవీ హక్కుల చట్టం కింద పోడు పట్టా, ఒక్కొక్కటిగా తలుపులన్నీ మూసుకుంటాయి.

ఇప్పుడు బడి సంగతి. ఈ ఆవాసాలు చాలావరకు రోడ్డుకు దూరంగా, అడవి లోపల ఉంటాయి. అటవీ శాఖ దృష్టిలో అవి ఆక్రమణలు. అందుకే కరెంటు, రోడ్డు, పక్కా గది ఏదీ రాదు. బడి గది కడితే ఆక్రమణను గుర్తించినట్టవుతుందని అధికారులు మాట్లాడటం నేను విన్నాను. గుడిసెలు పీకేసిన సందర్భాలు చాలా ఉన్నాయి. 2017 సెప్టెంబరులో తాడ్వాయి మండలం జలగలంచలో ఇళ్లు కూల్చినప్పుడు ఆ సంగతి హైకోర్టు దాకా వెళ్లింది. ఇల్లు కూలిన ప్రతిసారీ పిల్లల చదువు మళ్లీ మొదటికొస్తుందని వేరే చెప్పనక్కర్లేదు.

పిల్లలు రోడ్డు మీది ఊరి బడికి నడిచి వచ్చారనుకుందాం. అక్కడ భాష అడ్డం. ఇంట్లో మాట్లాడేది గోండికి దగ్గరి కోయ. బస్తర్‌లో ఒకటి రెండు తరగతులు చదివినవాళ్లకు వచ్చింది హిందీ అక్షరాలు. ఇక్కడి పంతులమ్మ చెప్పేది తెలుగు, ఇప్పుడు దాని మీద ఇంగ్లీషు. పదేళ్ల పిల్లను ఒకటో తరగతిలో ఐదేళ్లవాళ్ల పక్కన కూర్చోబెడితే నాలుగు రోజులు వస్తుంది, ఐదో రోజు మానేస్తుంది. మానేసిన పిల్లను "ఆసక్తి లేదు" అని రాస్తారు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 నుంచి కోయ, సవర, కువి, ఆదివాసీ ఒరియా లాంటి ఎనిమిది భాషల్లో మొదటి తరగతుల వాచకాలు తయారుచేశారు. మంచి ప్రయత్నం. అది ప్రయోగంగానే కొన్ని బడుల్లో ఆగిపోయింది. ఆ వాచకాలు అన్నిటికంటే ఎక్కువ అవసరమైన పిల్లలు బడి రిజిస్టరులోనే లేరు కదా.

పని చేసింది ఏమిటంటే వారధి బడులు. ఒక గుడిసె, ఆ ఊరి నుంచే కొంచెం చదువుకున్న కుర్రవాడో అమ్మాయో, కోయలో మొదలుపెట్టి నెమ్మదిగా తెలుగులోకి తీసుకురావడం. స్వచ్ఛంద సంస్థలు చింతూరు, భద్రాచలం ప్రాంతాల్లో ఇలాంటివి నడిపాయి. ఏడాది తర్వాత పిల్లల్ని వయసుకు తగ్గ తరగతిలో చేర్పించాయి. నిధులు ఆగితే బడి ఆగింది. సంస్థల్లో పనిచేసేవాళ్లు ఇక్కడ ఉన్నారు కాబట్టి నిష్ఠూరంగా ఉన్నా అంటాను: మూడేళ్ల ప్రాజెక్టుకు ఒక పిల్ల బాల్యాన్ని కట్టేయడం మంచిది కాదు. మొదటి రోజు నుంచే ఆ పిల్ల పేరు ప్రభుత్వ బడి రిజిస్టరులో ఉండేలా పట్టుబట్టాలి.

2007 డిసెంబరులో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్, శాంతా సిన్హా గారి నాయకత్వంలో, దంతెవాడకూ ఖమ్మానికీ వచ్చింది. పిల్లల సంగతి అధికారికంగా పైకి రావడానికి అది కారణమైంది. మరుసటి ఏడు హ్యూమన్ రైట్స్ వాచ్ పిల్లల గురించే ఒక నివేదిక వేసింది. జుడుం వైపు ప్రత్యేక పోలీసు అధికారులుగా పద్దెనిమిది నిండని వాళ్లను తీసుకున్నారనీ, మావోయిస్టులు బాల సంఘాల్లో చేర్చుకున్నారనీ, బడుల్లో భద్రతా బలగాలు బస చేస్తే మావోయిస్టులు ఆ బడులనే పేల్చారనీ అందులో ఉంది. బడి అంటే ఆ పిల్లలకు తుపాకులున్న చోటు. బడులనూ వసతిగృహాలనూ ఖాళీ చేయమని సుప్రీంకోర్టు 2011లో నందినీ సుందర్ కేసులో బలగాలను ఆదేశించింది. అదే కేసులో జులై 5న, జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్ ఇచ్చిన తీర్పు ఆదివాసీ యువకులను అలా ఆయుధాలిచ్చి వాడుకోవడం రాజ్యాంగ విరుద్ధమంది.

ఆ నేపథ్యం తెలియకపోతే తల్లుల జంకు మనకు అర్థం కాదు. ఒక ఆవాసంలో నేనొక తల్లిని, కూతుర్ని ఆశ్రమ పాఠశాలకు ఎందుకు పంపలేదని దుబాసీ ద్వారా అడిగాను. ఆవిడ తిరిగి నన్నే అడిగింది: "రాత్రి మళ్లీ పారిపోవలసి వస్తే, అంతదూరం పోయి దాన్ని ఎవరు తీసుకొస్తారు?" ఆశ్రమ పాఠశాల మంచిదా కాదా అని మనం పాలసీ భాషలో చర్చించుకుంటాం. ఆ తల్లికి పిల్లలందరూ చేతికందే దూరంలో ఉండటమే రక్షణ. అటు బస్తర్‌లో ఊరి బడులు మూతపడ్డాక వెదురు, రేకులతో పోర్టా క్యాబిన్లని పెద్ద వసతి బడులు కట్టారు. వేలమంది చదివారు. పిల్లలు తిండి తిన్నారు, అక్షరాలు నేర్చారు, ఊళ్లకు మాత్రం దూరమయ్యారు. ఏది ఎక్కువ, ఏది తక్కువ అన్న తూకం వేయగలిగింది ఆ పిల్లల తల్లిదండ్రులే. వాళ్లను ఎవరూ అడగలేదు.

ఆడపిల్లల సంగతి విడిగా చెప్పాలి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి కోతలు. ఖమ్మం, భద్రాద్రి, ములుగు జిల్లాల మిర్చి రైతులకు ఈ చౌక కూలి లేకపోతే కోత సాగదు. తల్లి చేలో ఉంటే చంటిదాన్ని చూసేది ఎనిమిదేళ్ల అక్క. ఆ అక్కకు పన్నెండేళ్లు వస్తే తనూ మిర్చి కోస్తుంది. కళ్లలో, చేతుల్లో ఆ మంట మీకు తెలుసు. పరీక్షల కాలమూ కోతల కాలమూ ఒకటే అయిన చోట ఆడపిల్ల ఏ పరీక్ష రాస్తుంది? అందుకే నేను బడి గురించి అడిగేముందు అంగన్‌వాడీ గురించి అడుగుతాను. చంటిపిల్లకు చోటుంటే అక్కకు బడి ఉంటుంది. 2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఆహార హక్కు కేసులో ఒక ఆదేశం ఇచ్చింది. ఆరేళ్లలోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి అంగన్‌వాడీ లేని ఆవాసం అడిగితే మూడు నెలల్లోగా కేంద్రం పెట్టాలి. ఆక్రమణ అనో, అడవి అనో అందులో మినహాయింపు లేదు. దీన్ని వాడుకున్న సంఘాలు తక్కువ.

ఇక చోటిచ్చిన ఊళ్ల మాట. సానుభూతి అంతా వచ్చినవాళ్ల మీదే పెట్టి, ఉన్నవాళ్లను రాతిగుండెల మనుషులుగా చూపించడం మన రిపోర్టుల్లో ఒక అలవాటు. మొదట్లో వాళ్లకు గింజలిచ్చింది, గుడిసె వేసుకోమంది స్థానిక కోయలే, చాలాచోట్ల బంధుత్వాలూ ఉన్నాయి. ఆ స్థానిక కోయల పరిస్థితి ఏమిటి? 2014లో పోలవరం కోసం చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు వంటి మండలాలను తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కు మార్చారు. సుమారు లక్ష కుటుంబాలను కదిలించే ప్రాజెక్టు అది. అంటే నిన్న కాందిశీకులకు చోటిచ్చిన ఊరు రేపు తనే కాందిశీకం కాబోతోంది. 2022 జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటినప్పుడు ఆ మండలాలు మునిగాయి. బడులు పునరావాస శిబిరాలయ్యాయి. శిబిరం ఉన్నన్నాళ్లు బడి లేదు. ఈ పిల్లలకు ఏ నివేదికలోనూ శరణార్థి అన్న పేరు లేదు.

ఒకే చేతిపంపు, ఒకే పంతులు, వసతిగృహంలో లెక్కపెట్టిన సీట్లు, ఏటేటా కుదించుకుపోయే పోడు. తమ కూలి రేటు పడిపోయిందని స్థానిక ఆడవాళ్లు అంటే అది అసూయ కాదు, నిజం. ఆ కోపాన్ని రెచ్చగొట్టేవాళ్లు దాంతో లాభపడేవాళ్లే. 2022 నవంబరులో చంద్రుగొండ మండలం బెండాలపాడు దగ్గర అటవీ రేంజి అధికారి శ్రీనివాసరావును గొత్తికోయలు ఇద్దరు దారుణంగా చంపారు. వాళ్లకు కోర్టు శిక్ష వేసింది. ఆ హత్యను ఎవరమూ సమర్థించం. హత్య జరిగిన రోజుల్లోనే గొత్తికోయలందరినీ ఛత్తీస్‌గఢ్‌కు పంపేయాలని గ్రామ పంచాయతీ తీర్మానించింది. ఇద్దరి నేరానికి ఆవాసం మొత్తానికి బహిష్కారం, అందులో ఇక్కడే పుట్టిన పిల్లలు కూడా. ఛత్తీస్‌గఢ్ ఎలా ఉంటుందో ఆ పిల్లలు చూడనైనా లేదు.

దీనికి మందు వచ్చినవాళ్లకు వేరు బడి పెట్టడం కాదు. ఉగాండా చూడండి, మనకంటే పేద దేశం. దక్షిణ సూడాన్ నుంచీ కాంగో నుంచీ వచ్చిన లక్షలాది మందికి చోటిచ్చింది. శరణార్థుల పేరున వచ్చే సాయంలో సుమారు 30 శాతం ఆ ప్రాంతపు స్థానికులకు చెందాలనే పద్ధతి పెట్టుకుంది. 2018లో శరణార్థి పిల్లలకూ స్థానిక పిల్లలకూ కలిపి ఒకే విద్యా ప్రణాళిక వేసింది. అన్నీ సవ్యంగా ఉన్నాయని కాదు, గదులు కిక్కిరిసి ఉన్నాయి, డబ్బు రావడం లేదు. కానీ ఆలోచన సరైనది: పైవాళ్లు వచ్చినందువల్ల మన బడికి ఇంకో గది, ఇంకో పంతులమ్మ వచ్చారని ఊరు అనుకోవాలి. చింతూరులో అలా అనుకునే అవకాశం ఊరికి ఎప్పుడూ ఇవ్వలేదు.

దేశ సరిహద్దు దాటిన పిల్లల గురించి ఒక్క మాట. హైదరాబాదు బాలాపూర్ చుట్టుపక్కల 2012 తర్వాత మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యాలు కొన్ని వేలమంది ఉన్నారు. వాళ్ల పిల్లలకు బడి ఇవ్వాలా అని వాదించేవాళ్లు రాజ్యాంగం 21ఏ అధికరణం చదవాలి. ఆరు నుంచి పద్నాలుగేళ్ల "పిల్లలందరికీ" అని ఉంది, "పౌరుల పిల్లలకు" అని లేదు. రోహింగ్యా పిల్లలు ప్రభుత్వ బడులకు వెళ్లి చేర్చుకోమని అడగవచ్చనీ, చేర్చుకోకపోతే హైకోర్టుకు వెళ్లవచ్చనీ 2025 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు చెప్పింది.

ఇదంతా చీడికాడకు ఎందుకు చెబుతున్నానో మీకు ఇప్పటికే తట్టి ఉంటుంది. ఈ మండలంలో, పక్క మండలాల్లో కొండవాలు మీద ఉన్న గిరిజన గ్రామాలు అయిదో షెడ్యూలు గీతకు ఇవతల పడ్డాయి. గీతకు అవతల 1/70 భూచట్టం ఉంది, ఐటీడీఏ ఉంది. ఇవతల అదే తెగకు, అదే కొండకు అవి లేవు. 2022లో జిల్లాలు విడగొట్టాక మీరు అనకాపల్లి జిల్లా, పైన కొండ అల్లూరి సీతారామరాజు జిల్లా. శబరి మీద గీత ఎలాంటిదో కోనం పైన గీత అలాంటిదే. బాధ ఒక మోతాదు కాదు, నేను పోల్చడం లేదు. గీసినవాళ్లు ఎవరు, దాని కింద నలిగే పిల్లలు ఎవరు అన్నది మాత్రం ఒకటే ప్రశ్న. చెరుకు నరకడానికి దిగొచ్చే కుటుంబాల పిల్లలను మీ బడి ఎలా చూస్తోందో చూడండి. రేపు హుద్‌హుద్ లాంటిది మళ్లీ వస్తే, కొండ మీద మరేదైనా జరిగి జనం దిగొస్తే, మీ బడి వాళ్లనూ అలాగే చూస్తుంది.

పొద్దున టీ దగ్గర ఒక చెల్లెలు అడిగింది: "మేడమ్, టీసీ లేదు, ఆధార్ లేదు, హెడ్‌మాస్టరు గారు కాదంటే మేమేం చేస్తాం?" దానికి జవాబు చెప్పి ఆపేస్తాను, ఇది రాసుకోండి. 2009 విద్యాహక్కు చట్టం, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. నాలుగో సెక్షను: వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి, వెనకబడిన చదువుకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. అయిదు: టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదు. తొమ్మిది: వలస కుటుంబాల పిల్లలను చేర్పించడం స్థానిక సంస్థ బాధ్యత, అంటే మీ మండలం, మీ పంచాయతీ. పద్నాలుగు: వయసు ధ్రువపత్రం లేదని కాదనకూడదు. పదిహేను: గడువు దాటిందని కాదనకూడదు. ఆధార్ సంగతి 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది, బడిలో చేరడానికి అది తప్పనిసరి కాదు. పద్నాలుగు దాటిన ఆడపిల్లకు ఈ చట్టం అండ లేదు. ఆ పిల్లల కోసం కస్తూర్బా బాలికా విద్యాలయంలో సీటు అడగాలి, అక్కడ కొట్లాట ఎక్కువే. నోటిమాటగా అడగొద్దు. పిల్ల పేరు, తల్లి పేరు, ఉంటున్న చోటు తెల్లకాగితం మీద రాసి రెండు నకళ్లు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీ వేసి సంతకం అడగండి. కాదంటే, కాదన్న కారణం ఆ కాగితం మీదే రాసివ్వమనండి. ఆ నకలు ఎంఈఓ గారికీ, రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కూ పంపండి. తల్లిని తప్పకుండా వెంట తీసుకెళ్లండి. ఆవిడకు తెలుగు రాకపోతే ఆవిడ భాష వచ్చిన మనిషిని కూడా.